ఊఁ అన్నందుకు

ఈ సంగతి ఎప్పుడో రాయాల్సింది. రాయలేదు, ఎందుకంటే అప్పటికి నాకు అక్షరాలు ఇంకా పూర్తిగా రావు. అక్షరాలు వచ్చాక కూడా రాయలేదు. కలం పట్టుకుంటే తిట్లు తప్ప ఇంకేమీ వచ్చేవి కావు. ఒక కాగితం నిండా మా సంఘం అధ్యక్షురాలిని తిట్టి, ఒకసారి చదువుకుని, పొయ్యిలో పెట్టాను. ఇంకో కాగితం మీద నా కొడుకును తిట్టాను. దాన్ని కూడా పొయ్యిలోనే పెట్టాను, కాకపోతే నాలుగు రోజులు దాచుకున్నాక. ఇప్పుడు కోపం పోయిందని కాదు. ఒక మాట మొదలుపెడితే దాని చివరి దాకా ఆగగలుగుతున్నాను, అంతే.

నా పేరు లచ్చమ్మ. మాది పాలకుర్తి దగ్గర పల్లె. నా భర్త లేడు. కొడుకు రమేష్ పాలకుర్తి నుంచి చుట్టుపక్కల ఊళ్లకు ఆటో నడుపుతాడు. కోడలు సుజాత పుట్టిల్లు భూపాలపల్లి అవతల కాటారం. నేను మా ఆడవాళ్ల సంఘం తరఫున ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతాను. ఆ పొయ్యి నాదా కాదా అన్నదే ఈ గొడవంతా.

నాకున్న దాన్ని చెవుడు అంటారు. నేను ఒప్పుకోను. చెవిటివాళ్లకు వినపడదు, నాకు వినపడుతుంది. మీరూ నేనూ ఎదురెదురుగా కూర్చుంటే ప్రతి మాటా అందుతుంది. మూడో మనిషి వచ్చి పక్కన ఇంకో ముచ్చట మొదలుపెడితే రెండు మాటలూ కలిసిపోతాయి. బియ్యంలో రాళ్లు కలిస్తే ఏరుకోవచ్చు. ఇది పాలలో నీళ్లు కలిసినట్టు. నలుగురు ఒకేసారి మాట్లాడితే చప్పుడు మిగులుతుంది, మాట ఉండదు.

ఇది చెబితే ఎవరూ నమ్మరు. "నిన్న మెల్లగ అన్నది ఇన్నది, ఇయ్యాల ఒర్రితే ఇనవడదట" అంటారు. "అవుసరమున్నయి మంచిగనే ఇనవడతయి ఆమెకు" అంటారు. ఈ మాట ఎప్పుడూ నా వెనుకనే అంటారు, అదీ ఇల్లు సద్దుమణిగి ఉన్నప్పుడు. అందుకని అది మాత్రం స్పష్టంగా వినపడుతుంది.

కాటారంలో, ఎండాకాలం

ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. బయటపడింది మాత్రం కాటారంలో. సుజాతకు పుట్టింట్లో కాన్పయింది. ఇరవై ఒకటో దినం చేసి మనవడిని తొట్టెలలో వేశారు. ఇంటి ముందు టెంటు, పెద్ద పెద్ద డబ్బాల్లో పాటలు, ఒక పక్క వంటవాళ్ల కేకలు. భోజనాల బంతిలో కూర్చున్నాం. సుజాత తల్లి వచ్చి నా పక్కన కూర్చుని, భుజం మీద చేయి వేసి ఏదో అడిగింది. అప్పుడే మటన్ వడ్డించి పోయారు. కూర ఎలా ఉందని అడుగుతోంది కాబోలు అనుకున్నాను.

"మస్తు మంచిగున్నది వదినె. కడుపు నిండింది" అన్నాను, నవ్వుతూ.

ఆమె చేయి తీసేసింది. ఎదుటి వరుసలో ఆడవాళ్లు తినడం ఆపి నన్ను చూశారు. ఎందుకు చూస్తున్నారో తెలియక నేను ఇంకోసారి నవ్వాను.

తిరుగు దారిలో భూపాలపల్లి బస్టాండులో బస్సు కోసం కూర్చున్నప్పుడు రమేష్ అడిగాడు. "అవ్వా, గట్లెట్లంటవే?"

"ఏమన్న?"

"నాయిన మనుమని సూడకుండనే పాయె, నీ పానం ఎట్లున్నది వదినె అని అడిగిందామె. మస్తు మంచిగున్నది, కడుపు నిండింది అంటివి. అందరి ముంగట."

నేను అక్కడ ఏడ్చానని రాస్తే బాగుంటుందేమో. ఏడవలేదు. ఒళ్లంతా మంటలెత్తింది. ఆ డబ్బాలు పెట్టినవాడి మీద కోపం, చేయి తీసేసిన వియ్యపురాలి మీద కోపం, ఈ మాట చెప్పడానికి కాటారం నుంచి భూపాలపల్లి దాకా మూతి ముడుచుకుని కూర్చున్న కొడుకు మీద కోపం. అక్కడే చెప్పి ఉంటే ఆమె చేతులు పట్టుకుని, వినపడలేదమ్మా అని చెప్పుకునేదాన్ని. ఆ తర్వాత ఎన్నిసార్లు చెప్పినా ఆమె తల ఊపిందే కానీ నమ్మలేదు.

ఆ రోజు నుంచే నాకు ఒక అలవాటు అంటుకుంది. ఏమన్నా "ఊఁ" అనడం. కథ చెప్పేటప్పుడు పిల్లలు ఊఁ కొడతారే, అలా. ఊఁ అంటే వింటున్నానని అర్థం, అవునని కూడా అర్థం. తప్పు జవాబు చెప్పి నవ్వులపాలు కావడం కన్నా ఊఁ నయం కదా. ఎవరికీ అనుమానం రాదు. మాట్లాడేవాళ్లకు కూడా కావాల్సింది ఊఁ ఒక్కటే. ఇది మాత్రం అనుభవం మీద చెబుతున్నాను.

జనగామ, ఆ తర్వాత మానుకోట

వానలు పడ్డాక రమేష్ నన్ను జనగామలో ఒక దవాఖానకు తీసుకుపోయాడు. బెంచీల నిండా జనం. పిల్లల ఏడుపులు, ఫోన్లలో పాటలు, పైన రెక్క విరిగిన ఫ్యాను. తలుపు దగ్గర ఒకతను నిలబడి పేర్లు పిలుస్తున్నాడు. రమేష్ ఆటోను నీడకు పెట్టి వస్తానని బయటకు పోయాడు. నా పేరు పిలిచారట. ఎన్నోసార్లు పిలిచారట. నా తర్వాత వచ్చినవాళ్లంతా లోపలికి పోయి వస్తున్నారని గమనించి నేనే లేచి పోయాను.

"ఎన్నిమాట్ల పిలువాల్నమ్మా? పలుకవేంది?" అన్నాడతను.

"ఇనవడకనే ఈడికి వచ్చిన గద సారూ" అన్నాను.

బెంచీల మీద వాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు. చివర కూర్చోమన్నాడు. చెవులు పోయినవాళ్లను పేరు పెట్టి అరిచి పిలిచే దవాఖాన అది. కళ్ల దవాఖానలో కళ్లు కనపడనివాళ్లకు వేలు చూపించి దారి చెబుతారేమో, నాకు తెలియదు.

డాక్టరు మాత్రం మంచిగానే మాట్లాడాడు. నరం బలహీనపడిందని, మందు లేదని, మిషను పెట్టుకోవాలని చెప్పాడు. ముందు పరీక్ష చేయించుకోవాలన్నాడు. మా చెల్లెలు గూడూరులో ఉంటుంది. ఆమె తోడుగా మానుకోటకు, అదే మహబూబాబాద్‌కు, పరీక్షకు పోయాను.

అక్కడ కూడా బెంచీలే. చెల్లె చాయ్ తాగడానికి పోయినప్పుడు నా పక్కన ఒక తండా ఆమె తన తల్లిని పట్టుకుని కూర్చుని ఉంది. ముసలామెకు నాకన్నా ఎక్కువ పోయింది. బిడ్డ ఏదన్నా చెప్పాలంటే ముందు తల్లి గదమ, అదే గడ్డం, పట్టుకుని ముఖాన్ని తన వైపు తిప్పుకునేది. తిప్పుకున్నాక, మెల్లగా, వాళ్ల భాషలో చెప్పేది. అరిచేది కాదు. నాకు ఆ భాష రాదు. అయినా ఆ ముసలామె ప్రతి మాటకూ సరిగ్గా జవాబు చెబుతోందని మాత్రం తెలిసింది.

బిడ్డ నా వైపు చూసి తెలుగులో అడిగింది. "నీ పేరేంది అక్కా?"

"లచ్చమ్మ."

"పిలిస్తే నేను చెప్త తియ్. నువ్వు ఆ తలుపు దిక్కు సూసుకుంట బుగులుపడకు."

పిలిచినప్పుడు నా మోకాలి మీద చిన్నగా తట్టింది. అంతే. ఆమె పేరు అడగలేదు నేను. ఈ రోగం వచ్చిన తర్వాత నాకు దొరికిన వైద్యంలో అంతకన్నా మంచిది లేదు.

లోపల ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి తలుపు వేశారు. గోడలకు పరుపుల్లాంటివి అతికించి ఉన్నాయి. చెవులకు డబ్బాలు పెట్టి, చప్పుడు వినపడితే చెయ్యి ఎత్తమన్నారు. కుయ్ మన్నప్పుడల్లా ఎత్తాను. బయటకు వచ్చాక పరీక్ష చేసిన పిల్ల "మరీ అంతేం పోలేదమ్మా, బాగానే వింటున్నావు" అంది. రమేష్‌కు చెల్లె ఫోనులో అదే చెప్పింది. వాడు ఇంట్లో అందరికీ అదే చెప్పాడు. అవసరమైనవి వినపడతాయన్న మాటకు ఇప్పుడు దవాఖాన సాక్ష్యం కూడా దొరికింది. ఆ గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. ఈగ కూడా లేదు. అలాంటి గదిలో ఎవరి సంసారం నడుస్తుందో నాకు చూపించండి.

మిషను వచ్చింది. పెట్టుకున్న రోజు ఇంట్లో మనవడి ఏడుపు, చీపురు చప్పుడు, నా పళ్ల కింద పచ్చిమిరపకాయ విరిగిన చప్పుడు కూడా వినిపించాయి. ఎదురుగా ఒక్క మనిషి ఉంటే చాలా మేలు. బడిలో పెట్టుకుంటే గుండెలు అదిరాయి. పళ్లేలు, చెంబులు, గంటెలు, అంతమంది పిల్లల నోళ్లు అన్నీ పెద్దవయ్యాయి. మాట మళ్లీ వాటి అడుగునే ఉంది.

బడిలో, బతుకమ్మ నెల

మా దిక్కు ఇక చాలు అనడానికి "సాలు" అంటారు. చారును "సారు" అంటారు. పిల్లలు వరుసలో పళ్లేలు పట్టుకుని, అందరూ ఒకేసారి మాట్లాడుతూ ముందుకు వస్తారు. ఒక పిల్ల "సాలు, సాలు" అంటుంది. నా చెవికి "సారు, సారు" అని పడుతుంది. ఇంకో గంటె పోస్తాను. ఆ పిల్ల ఇంకా గట్టిగా "సాలు!" అంటుంది. పాపం ఆకలిగా ఉంది కాబోలు అని ఇంకో గంటె. పళ్లెం నిండి, కిందికి కారి, గౌను మీద పడుతుంది.

పిల్లలకు ఆటైపోయింది. "లచ్చవ్వా సాలు! లచ్చవ్వా సారు!" అని కావాలని అనేవాళ్లు. నాతో కలిసి వండే సరోజన ముందు నవ్వింది, తర్వాత నవ్వడం మానేసింది. ఊళ్లోకి ముచ్చట పోయింది.

ఆ నెలలోనే బతుకమ్మ. భయంతో పోనన్నాను, సుజాత లాక్కుపోయింది. అంతమంది ఆడవాళ్లు చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతూ పాడుతుంటే, ప్రతి మాటా నాకు అర్థమైంది. ప్రతి ఒక్కటీ! నిలబడిపోయాను. వెనుకామె నన్ను నెట్టింది. అందరూ ఒకే మాట పాడుతున్నారు, అందుకే. తలా ఒక మాట అయినప్పుడే నేను మునిగిపోతున్నాను. ఇది ఏ దవాఖానలోనూ నాకు ఎవరూ చెప్పలేదు.

అక్షరాలు

చదువు నాకు ప్రేమగా ఎవరూ నేర్పలేదు. ఒక రోజు మనవడు ఏడుస్తుంటే, టీవీ మోగుతుంటే, సుజాత నాకు ఏదో చెప్పి చెప్పి విసిగి, సుద్దముక్క తీసుకుని గచ్చు మీద పెద్దగా రాసింది. రాశాక ఆమెకు గుర్తొచ్చింది, నాకు చదువు రాదని. ఇద్దరం ఆ రాత వంక చూశాం.

"ఏం రాసినవ్?" అన్నాను.

"ఉప్పు అయిపోయింది అని" అంది. అని ఏడ్చింది. "ఒర్రి ఒర్రి నా గొంతు పోతాంది అత్తమ్మా. నేను కోపంతోని ఒర్రుతలేను, నీకు ఇనవడాలని ఒర్రుతాన్న. ఊరోళ్లేమో కోడలు అత్తను తిడతాందంటాండ్రు."

ఆ మాట నాకు కొత్త. నా చెవి ఆమె పేరును కూడా పాడుచేస్తోందన్నమాట. "అయితే నేర్పు" అన్నాను. ఉప్పుతో మొదలుపెట్టాం. యాభై దాటిన చేతికి సుద్దముక్క గడ్డపార కన్నా బరువు. చాలు, చారు రాయడం వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. ల వేరు, ర వేరు. గచ్చు మీద రెండూ పక్కపక్కన ఉన్నా ఒకదానిలో ఒకటి కలవలేదు. నా చెవిలో ఇన్నాళ్లూ కొట్టుకున్న రెండు మాటలు అక్కడ వేటి చోటులో అవి కూర్చున్నాయి. ఎంతసేపు చూశానో.

మళ్లీ వానాకాలం, సంఘం మీటింగు

ఇక అసలు సంగతి. సంఘం మీటింగు పంచాయతీ రేకుల షెడ్డు కింద పెట్టారు. వాన రేకుల మీద దంచుతోంది. ఆడవాళ్లందరూ వరి నాట్ల ముచ్చట్లలో ఉన్నారు. అధ్యక్షురాలు స్వరూప నిలబడి ఏవేవో చెప్పింది. నా వైపు తిరిగి కూడా ఏదో అంది. అందరూ నన్ను చూశారు. నేను "ఊఁ" అన్నాను. స్వరూప తృప్తిగా తల ఊపింది. ఎవరో చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

నా పొయ్యి పోయినందుకు నేనే చప్పట్లు కొట్టాను.

మరుసటి రోజు బడికి పోయేసరికి స్వరూప తోడికోడలు రజిత కూరగాయలు కోస్తోంది. సరోజన నన్ను చూసి తల వంచుకుంది.

"ఇదేంది?" అన్నాను.

"నిన్న సరే అంటివి గద అక్కా" అంది సరోజన. "నీకు పొయ్యికాడ కష్టమైతాంది, రజితను పెడదామా అంటే ఊఁ అన్నవ్."

స్వరూప దగ్గరకు పోతే అదే మాట. "అందరి ముందల ఊఁ అన్నవ్ లచ్చక్కా. ఇప్పుడు లేదంటే ఎట్ల? మాటంటే మాటనే గద."

మాటంటే మాటే. నాకు అందిన మాట ఒక్కటీ లేదు, నేను అన్నదీ మాట కాదు. ముక్కులోంచి వచ్చిన చప్పుడు. ఆ చప్పుడుతో నన్ను తీసేశారు.

రెండు రోజులు ఇంట్లోనే మంచం మీద పడుకున్నాను. మూడో రోజు నాకు మానుకోటలో ముసలామె గదమ పట్టుకున్న బిడ్డ గుర్తొచ్చింది. నాకు గుంపు వినపడదు. ఒక్కొక్కరు వినపడతారు. అయితే గుంపును ఒక్కొక్కరుగా విడగొడతాను అనుకున్నాను.

ఇల్లిల్లూ తిరిగాను. పొద్దున పూట, మగవాళ్లు పొలానికి పోయాక, వాకిట్లో ఎదురుగా పీట వేసుకుని కూర్చుని అడిగాను. "టీవీ బంద్ చెయ్. నా మొఖం సూసి చెప్పు. నన్ను తీసెయ్యుమన్నవా నువ్వు?"

సరోజన అంది, "నువ్వు ఊఁ అన్నవని నేను ఊఁ అన్న అక్కా."

ఇంకొకామె అంది, "నాకేం తెల్సు పెద్దమ్మా, నేను మా బిడ్డతోని ఫోన్ల ఉన్న. అందరంటాండ్రని ఊఁ అన్న."

ఒక ముసలామె అంది, "అది గ్యాసుబండ ముచ్చట కాదానే? అయ్యో, వానకు నాకేం ఇనవడ్డది!"

ఇల్లు తర్వాత ఇల్లు, ఇదే. షెడ్డు కింద వినపడనిది నా ఒక్కదానికే కాదు. ఎవరూ వినలేదు. అందరూ ఊఁ కొట్టారు. కానీ వాళ్లను ఎవరూ చెవిటివాళ్లనలేదు, వాళ్ల పొయ్యి ఎవరూ తీసుకోలేదు. ఇది తెలిసినప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ దిగలేదు.

ఒక్క కొమురమ్మ మాత్రం పీట మీద నుంచి కదలకుండా చెప్పింది. "నేను ఇన్నంకనే ఊఁ అన్న. నా మనుమరాలి మీద సారు పోసినవ్. గౌనంత తడిసి ఏడ్చుకుంట వచ్చింది. గా సారు వేడిదైతే?"

ఆమె మీద నాకు కోపం రాలేదు. విని అన్నది ఆమె ఒక్కతే.

చివరికి స్వరూప. వాకిట్లో ఎవరూ లేనప్పుడు కూర్చోబెట్టి అడిగితే గొంతు తగ్గించింది. "నా సొంతగ చెయ్యలే అక్కా. నీ కొడుకే వచ్చి చెప్పిండు. మా అవ్వను బంద్ పెట్టుండ్రి, నేను అడిగిన, ఆమె సరే అన్నదని."

సాయంత్రం రమేష్ ఆటోతో వచ్చాడు. ఇంజను మీదే ఏదో చెప్పబోయాడు.

"బండి బంద్ చెయ్" అన్నాను. "దిగి రా. నా ముంగట కూసో. స్వరూపకు చెప్పింది నువ్వా?"

వాడు నేల చూశాడు. గదమ పట్టుకుని ముఖం ఎత్తాను, పసివాణ్ణి చేసినట్టు.

"నూనె మసులుతాంటది అవ్వా. యెనుక నుంచి పోరలు ఉరుకుతరు. నీకు ఇనవడదు. ఏదన్న అయితే ఊరు మనల బతుకనిస్తదా?"

"నన్ను అడుగవా?"

"అడిగిన. నువ్వు ఊఁ అన్నవ్."

"ఎప్పుడు?"

"మీటింగుకు ముంగట. టీవీ నడుస్తాంది, పిలగాడు ఏడుస్తాండు. అవ్వా, ఇగ బడికి బంద్ జేస్తవా అంటే ఊఁ అన్నవ్. ఇంత జల్ది ఒప్పుకున్నదేందని నాకే పరేషానయింది."

ఏమి అడిగాడనుకుని ఊఁ అన్నానో నాకు గుర్తు లేదు. బువ్వ పెట్టనా అని అయి ఉంటుంది. నా కొడుకు నా బతుకు అడిగాడు, నేను బువ్వకు ఊఁ అన్నాను.

"ఇగ ఇను" అన్నాను. "ఇప్పటి సంది నా నోట్లకెల్లి ఊఁ రాదు. సరే అంటే సరే. వద్దంటే వద్దు. ఇనవడకపోతే ఇనవడలే అంట. అప్పుడు మల్ల చెప్పాలె. పదిమాట్లయినా చెప్పాలె. నువ్వు పసిగున్నప్పుడు ఒక్కమాటకు ఇన్నవారా నేను చెప్పింది?"

సుజాత తలుపు దగ్గర నిలబడి ఉంది. నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ సాయంత్రమే స్వరూప ఇంటికి నేనూ రమేషూ పోయాం. వాడే చెప్పాడు, తను తప్పు అర్థం చేసుకున్నానని. కొమురమ్మను కూడా పిలిపించాను. మనవరాలి ముచ్చట ఎత్తకుండా ఒప్పందం కుదరదని నాకు తెలుసు. పొయ్యి గోడ వైపు నుంచి తిప్పి, పిల్లలు నా ఎదుటి నుంచే వచ్చేలా పెట్టాలన్నాను. బంతిలో పెద్దవాళ్లు ఇక చాలంటే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టరా, పిల్లలూ అలాగే పెట్టాలన్నాను. చెయ్యి అడ్డం వస్తే ఇంక గంటె వంచను. రజిత కూరగాయలు కోసి, వడ్డనకు తోడుండాలి.

కొమురమ్మ ఆలోచించి "సరే" అంది. స్వరూప "ఊఁ" అంది.

"ఊఁ గాదు" అన్నాను. "నోటితోని చెప్పు."

"సరే తల్లీ, సరే!" అంది.

ఇలాంటివాళ్లు మీ ఇంట్లో ఉంటే ఒక్కటే చెబుతాను. అరవకండి. ఎదుటికి రండి, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి. వాళ్లు ఊఁ అన్నారని సంబరపడకండి.

మరునాడు పొద్దున మళ్లీ వాన. పిల్లవాడు ఏడుస్తున్నాడు, రమేష్ ఆటో స్టార్టులో ఉంది, రేకుల మీద చినుకులు. నేను గడప దాటుతుంటే వాడు ఆటోలోంచి ఏదో అన్నాడు. నోట్లో ఊఁ తయారుగా ఉంది. మింగేశాను.

"ఇనవడలే" అన్నాను.

వాడు అక్కడి నుంచే మళ్లీ అన్నాడు.

"ఇనవడలే. ముంగటికి రా."

ఇంజను ఆగింది. తడుస్తూ వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. "గొడుగు పట్కపో అంటాన్న అవ్వా."

"ఇన్న" అన్నాను. గొడుగు తీసుకుని, పొయ్యి వెలిగించడానికి బడికి పోయాను.